మేనమామ బుట్ట

బాన్ థాసావాంగ్, నదికి ఇవతలి గట్టు
వానలు మొదలైన వారం

పూజ్యులైన మామయ్యకు తుయ్ నమస్కరించి రాస్తున్నది.

మేమంతా క్షేమం. అమ్మా, మీరూ బాగున్నారనీ, అత్తయ్య మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయనీ తలుస్తాను.

మీకు నా మీద కోపమని తెలుసు. నన్ను పడవెక్కించడానికి ఊరంతా వచ్చింది, మీరు రాలేదు. ఫోన్ చేస్తే తీయరు. తీసినా ‘ఇందులో గొంతు వస్తుంది గాని మనిషి రాదు’ అని పెట్టేస్తారు. అందుకని కాగితం పట్టాను. పడవ నడిపే ఖంసీ దీన్ని అవతలి గట్టున బస్సువాడికి ఇస్తానన్నాడు.

మొన్న మా ఆయన కోప్, నేనూ పట్నం వెళ్ళి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. ఈ దేశపు మనిషి భార్యగా ఏడాదిపాటు ఇక్కడే ఉండనిచ్చే అనుమతి అది. ఒకసారి ఇచ్చారంటే ఏటా తిరగరాయించుకోవచ్చు. ఇవ్వకపోతే గడువు తీరేలోగా నేను నది దాటి వచ్చేయాలి. అప్పుడు ఆయన ఇక్కడ, నేను అక్కడ. ఆయన మన ఊరు రాలేడు మామయ్యా. మా అత్తగారికి చూపు మసకబారుతోంది. ఆమెకు ఆడపిల్లలు లేరు, ఉన్నది ఈయన ఒక్కడే.

పెళ్ళి కాగితం, ఇంటి పత్రం, ఫోటోలు అన్నీ ఇచ్చాం. ఇంటి ముందు, అన్నం తింటూ, ఆఖరికి పడకగది గుమ్మంలో కూడా ఫోటో కావాలన్నారు. సిగ్గుతో చచ్చాను. ఇంటికి దారి చూపే పటం కూడా గీసి ఇవ్వాలట. కోప్ వీధి గీసి, గుడి గీసి, మా వాకిట్లో పడుకునే కుక్కని కూడా గీశాడు. ఈ కుక్క ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా అని ఆఫీసరు అడిగాడు. బతికున్నన్నాళ్ళూ ఉంటుంది సార్ అన్నాడు ఈయన.

ఒక సంగతి మాత్రం మీకే చెప్పాలి. ఆ ఆఫీసరు కాగితం చూసి గట్టిగా, ‘చంథమాలి సయసేన్’ అని పిలిచాడు. ఎవరినో పిలుస్తున్నాడనుకుని నేను వెనక్కి తిరిగి చూశాను. మీరు పెట్టిన పేరే. బడి మానేశాక నన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు. పరాయి దేశంలో, పెద్ద బల్ల వెనక కూర్చున్న మనిషి నోట అది వినేసరికి ఒళ్ళు జలదరించింది. ఆ పేరుగల మనిషి నాకంటే చాలా పెద్దదిలా తోచింది.

మీ దీవెన కావాలి.

మీ తుయ్


బాన్ నాఖామ్
నాట్ల మధ్యలో

తుయ్‌కి మామయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. నేను పడవ దగ్గరికి రాకపోవడానికి కారణం నాట్లు. కోపమని ఎవరు చెప్పారు? కోపమే అనుకో, అయితే ఏమిటట?

మన రెండు గట్ల మీదా ఆచారం ఒక్కటే. అల్లుడు చాప చంకన పెట్టుకుని అత్తవారింటికి వస్తాడు. మీ నాన్న అలాగే వచ్చాడు. నేనూ మీ అత్తయ్య ఇంటికి అలాగే వెళ్ళాను, ఇప్పటికీ కూరలో ఉప్పు తక్కువైందంటే ఆ చాప ఎక్కడుందో గుర్తుచేస్తుంది. ఇల్లరికం రాని మగవాడు మన ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, ఆయన గుళ్ళో భిక్షువు. నీకు దొరికినవాడి పేరే కప్ప. మన రెండు గట్ల భాషల్లోనూ కోప్ అంటే కప్పేగా! నూతిలో కప్ప నుయ్యి వదిలి వస్తుందా? అందుకని పిల్లే వెళ్ళి నూతిలో దూకింది.

ఆఫీసూ కాగితాలూ నాకు తెలియవు. చిన్నప్పుడు మా గేదె ఒకటి నదిలో పడి అవతలికి ఈదుకుపోతే దాని వెనకే నేనూ ఈదాను. నన్నుగాని గేదెనుగాని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ గట్టువాళ్ళు మా ఇద్దరికీ తిండి పెట్టి పడవలో పంపారు. అదే నది. ఇప్పుడు దాని మధ్య ఏం మొలిచిందో నాకు కనబడదు.

మీ అమ్మ బాగానే ఉంది. ఎక్కువ మాట్లాడటం లేదు.

ఖంఫుయ్ మామయ్య


బాన్ థాసావాంగ్
భిక్షువుల వర్షావాసం మొదలయ్యాక

మామయ్యకు నమస్కారాలు.

ఆఫీసువాళ్ళు వచ్చి వెళ్ళారు. ఇది నిజం సంసారమా, కాగితం సంసారమా అని ఇరుగుపొరుగుని విచారించడానికి చెప్పకుండానే వస్తారట. టోపీ పెట్టుకున్న ఆఫీసరూ, కెమెరా పట్టుకున్న ఒకావిడా వచ్చారు. ఆ పూట మేం ముగ్గురం ఊరేసిన చేపలు అమ్మడానికి సంతకు వెళ్ళాం.

వీధి మొదట్లో డువాంగ్ పిన్ని పచ్చిబొప్పాయి దంచుతోంది. రోజూ నాకు మిరపకాయలు బదులిచ్చే మనిషి. కాగితాల మీద ఈయన పేరు వీరయుత్ కదా, ఆ వీరయుత్ ఇల్లెక్కడ అని ఆమెను అడిగారు. ఆ పేరుగలవాడు ఈ వీధిలోనే లేడంది. పోనీ అతని భార్య చంథమాలి తెలుసా అన్నారు. ‘పేరు వింటే సినిమాతారలా ఉంది. అంత అందగత్తెలు మా వీధిలో లేరు సారూ’ అని నవ్వి రోకలి ఎత్తిందట. మంగలి తెలియదన్నాడు. దుకాణం ముసలాయన పుట్టి బుద్ధెరిగి వినలేదన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఈయన ఈ వీధికి కోప్, నేను వచ్చిన దగ్గర్నుంచీ తుయ్. కప్ప కోప్, బొద్దుపిల్ల తుయ్ ఎక్కడ అని అడిగితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు! కుక్క మాత్రం పటంలో ఉన్నచోటే ఉందని రాసుకున్నారట.

మర్నాడు పిలిపించారు. కోప్ సంగతంతా చెప్పాడు. ఆఫీసరు మంచివాడే, నవ్వాడు. ‘మా వీధిలో నన్నూ పంది అనే పిలుస్తారు. కాని నా పేరేమిటో వాళ్ళకు తెలుసు’ అన్నాడు. తర్వాత నవ్వు ఆపి నాతో మెల్లగా, ‘కాగితం మీదే పెళ్ళి చేసుకునేవాళ్ళను చాలామందిని చూశానమ్మా. మీ వీధి మిమ్మల్ని ఎరగదంటోంది. వర్షావాసం ముగిసేలోగా మళ్ళీ వస్తాం. అప్పుడూ ఇలాగే అయితే నేను సంతకం పెట్టలేను’ అన్నాడు. పరిశీలనలో ఉంది అని ముద్ర వేసి పంపాడు.

డువాంగ్ పిన్ని వాకిట్లో కూలబడి ఏడ్చింది. కోప్ అందరికీ పేర్లు నేర్పుదాం, అంతేగా అన్నాడు. మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

‘నేర్పితే పేరు నాలుక మీదికొస్తుంది, మనిషి రాదు. నీ ఒళ్ళొచ్చింది గాని నీ ఖ్వన్ రాలేదే పిల్లా. పెళ్ళిలో మీ మామయ్య మావాడి ఖ్వన్‌ని కూడా మీ ఇంటికే పిలిచేశాడు. ఇద్దరివీ అక్కడే కూర్చున్నాయి. ఖాళీ ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళకి ఎవరు కనబడతారు?’

నవ్వు రావలసిన మాట. నాకు మాత్రం భయం వేసింది, నిజమనిపించి. ఒంటిని అంటిపెట్టుకుని మనిషిని కాచే జీవం, ఆ ఖ్వన్, ఒంట్లో లేకపోతే ఎలా ఉంటుందో చిన్నప్పుడు మీరే చెప్పేవారు. తిన్నది ఒంటబట్టదు, కాళ్ళు ఎక్కడున్నాయో వాటికే తెలియదు అనేవారు. నాకు అచ్చంగా అలాగే ఉంది. పొద్దున్నే లేవగానే నా కాళ్ళు మన ఇంటి మెట్ల కోసం వెతుకుతాయి. ఇక్కడ మెట్లు అటువైపు లేవు. రెండుసార్లు గోడకు గుద్దుకున్నాను.

మామయ్యా, ఊరూరా అందరి ఖ్వన్‌లూ పిలిచేది మీరు. నాది పిలవడానికి రండి. ఇక్కడ పిలిచేవాళ్ళు లేక కాదు. అది మన ఇంట్లో ఉంది, మీ మాటే వింటుంది.

మీ తుయ్


బాన్ నాఖామ్

తుయ్‌కి,

మీ అత్తగారు తెలిసిన మనిషి. ఆమె అన్నది తప్పు కాదు.

కాని నేను రాను. మా గురువు నాకు నేర్పిన పదాల్లో ఖ్వన్‌ని ఇంటికి రమ్మనడమే ఉంది. అడవిలో జడుసుకున్నవాడిది, నదిలో మునిగి తేలినవాడిది, ఆసుపత్రి నుంచి వచ్చినవాడిది, పెళ్ళికొడుకుది, అన్నీ రావే, ఇంటికి రావే అన్నవే. పుట్టిన ఇల్లు వదిలిపెట్టి పో అని ఒక ఆడపిల్ల ఖ్వన్‌తో చెప్పే పదం నా దగ్గర లేదు. లేని పదం నా నోట ఎలా వస్తుంది?

అనుమతి రాకపోతే ఇంటికి రా. నీ మగ్గం అలాగే ఉంది.

మామయ్య


బాన్ థాసావాంగ్

మామయ్యకు,

ఇంటికి రమ్మన్నారు. వస్తాను, తప్పకపోతే. ఆ ఇల్లు నాదే, ఎవరూ కాదనరు. దిక్కులేక ఇక్కడ ఉండటం లేదు.

మీకు తెలియని సంగతి చెబుతాను. రోజూ వంట అయ్యాక మా అత్తగారు నా మొహం తడిమి చూస్తుంది. మొదట్లో చూపు ఆనక అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఏడ్చానో లేదో చూసుకుంటోంది. కోప్ పడవ ఇంజన్లు బాగుచేసి మసిచేతులతో వస్తాడు. నేను ఎదురొస్తే పగలంతా కనబడని మనిషి కనబడ్డట్టు నిలబడిపోతాడు. రోజూ అంతే. అలా నన్ను చూసి నిలబడిపోయేవాడు ఈ లోకంలో ఒకడున్నాడంటే నాకే ఆశ్చర్యం. అతన్ని వదిలి నేను బతకలేను మామయ్యా. ఇది మీకు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

డువాంగ్ పిన్ని నా పేరు వల్లెవేస్తోంది. నోరు తిరగక కోళ్ళను ‘చంథమాలీ’ అని పిలిచి గింజలు వేస్తోంది. అవి వస్తున్నాయి. నేనే ఆ పిలుపుకి ఇంకా తల తిప్పడం లేదు.

మీరు రాకపోయినా నాకు కోపం లేదు.

తుయ్


బాన్ నాఖామ్
కోతలకు ముందు

తల్లీ తుయ్,

సరిహద్దు పాసు చేయించాను. మూడు రోజులకు ఇచ్చారు. శనివారం మొదటి పడవలో వస్తాను.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. విన్నాక వంటింట్లోకి వెళ్ళి చేపలు దేవే బుట్ట చూరునుంచి దింపి కడిగి ఎండబెట్టింది. నువ్వు వదిలి వెళ్ళిన నీలం రవికె మడతపెట్టి అందులో వేసింది. ‘పదం లేకపోతే కట్టు. దాని ఖ్వన్‌ని ఈ బుట్టతో నువ్వు దేవి తీసుకెళ్తావా, నన్ను దేవమంటావా?’ అంది. మీ అమ్మ నాతో ఇలా మాట్లాడటం ఇదే మొదలు. నాకు చెమట పట్టింది.

పదం కడుతున్నాను. నాగలి పట్టి అంటున్నాను, పడుకుని అంటున్నాను. మీ అత్తయ్య నాకు జ్వరమనుకుంటోంది.

అరటిదొప్పలతో గోపురంలా పా ఖ్వన్ కట్టించండి, ఖ్వన్ వచ్చి వాలేది దాని మీదే. బంతిపూలు, ఉడికించిన గుడ్లు, తెల్లని నూలు సిద్ధంగా ఉంచండి. వీధివీధంతా రావాలి. నేను పడవ దిగి ఇంట్లో అడుగు పెట్టేదాకా ఎవరూ నన్ను పలకరించవద్దు. బుట్టలో ఉన్నది బెదురుతుంది.

మామయ్య


బాన్ థాసావాంగ్
వర్షావాసం ముగిసిన రోజులు

మామయ్యకు సాష్టాంగ నమస్కారాలు.

ముందు కబురు చెప్పేస్తాను. అనుమతి వచ్చింది. ఏడాదికి. నా పాస్‌పోర్టులో ముద్ర ఆరిందో లేదోనని కోప్ ఇప్పటికీ ఊది చూస్తున్నాడు.

ఆ రోజు మీతో ఏమీ మాట్లాడలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

మీరు బుట్టను రెండు చేతులా పట్టుకుని వీధిలో నడిచి వస్తుంటే అందరూ గోడలకు ఒదిగి నిలబడ్డారు. మా కుక్క కూడా లేచి పక్కకు జరిగింది. అది లేవడం నేనెప్పుడూ చూడలేదు. మీరు నా వైపు చూడకుండా వచ్చి బుట్ట నా ఒడిలో పెట్టి పదం ఎత్తుకున్నారు. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్న గొంతు! అయినా ఆ రోజు అది మీది కాదనిపించింది, ఎక్కడో కొండల అవతల మొదలై మీలోంచి వస్తోందనిపించింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

‘రావే ఖ్వన్, చంథమాలి ఖ్వన్. అమ్మ పొయ్యి దగ్గర ఆగకు, అన్నం దిగిపోయింది. మెట్ల మీద కూర్చోకు, ఎండెక్కుతుంది. మగ్గం కింద దాక్కోకు…’

మగ్గం దగ్గర మీ గొంతు ఆగింది. మీరు ఎన్నడూ పదం మధ్యలో ఆగగా నేను వినలేదు.  ఇక రాదనుకున్నాను. అప్పుడు మా అత్తగారు, కళ్ళు సరిగా కనబడని మనిషి, నా మోచేయి వెతికి పట్టుకుని, ‘మగ్గం ఇక్కడా ఉంది తల్లీ, రావే’ అంది. ఆమె వెనక డువాంగ్ పిన్ని అంది. మంగలి అన్నాడు. తర్వాత వీధంతా ఒక్క గొంతుతో ‘చంథమాలీ, రావే’ అంది. ఆ పిలుపు నా వీపుమీదుగా వెళ్ళి నదిని తాకింది.

నేను తల తిప్పాను మామయ్యా. నన్నే పిలుస్తున్నారని ఆ క్షణాన తెలిసింది. మాడు చల్లబడి, ఆ చల్లదనం మెల్లగా అరికాళ్ళ దాకా దిగింది. ఆ పైన ఆకలి వేసింది. నెలల తర్వాత ఆకలి! ఖ్వన్ ఒంట్లోనే నిలవాలని నా మణికట్లకు నూలు కట్టడానికి అంతా వరసలో వచ్చారు, చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. నేను ఏడుస్తూ గుడ్లు తింటూనే ఉన్నాను.

నా ఖ్వన్ కూడా తెచ్చారా మామయ్యా అని కోప్ అడిగితే, ‘కప్ప నీళ్ళలోనూ బతుకుతుంది, గట్టునా బతుకుతుంది. నీది సగం మాకుంచుకున్నాం’ అన్నారు మీరు. ఈయన దాన్ని ఇప్పటికీ పదిమందికీ చెప్పుకుని మురుస్తున్నాడు. ఈసారి కోతలకు వచ్చి ఆ సగాన్ని చూసుకుంటాడట.

ఆఫీసువాళ్ళు మళ్ళీ వచ్చారు. డువాంగ్ పిన్ని దగ్గరే ఆగి, ఈసారైనా చంథమాలి అనే ఆవిడ తెలుసా అన్నారు. తెలుసంది. ఎలా తెలుసని అడిగాడు ఆఫీసరు. పేరు బట్టీ పట్టించారేమోనని అతని అనుమానం, తప్పులేదు. పిన్ని రోకలి పక్కన పెట్టి ఒక్కమాట అంది.

‘ఆమె అక్కడే ఉండిపోతే మేమంతా పిలిచాం సారూ. పిలిస్తేనే వచ్చింది.’

 ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకుని మా ఇంటి దాకా నడిచాడు. నా చేతులకు ఇంకా విప్పని నూలు చూశాడు. ఇంట్లోకి రాకుండానే సాక్షుల పేర్లు రాయమన్నాడు. కాగితంలో చోటు చాలక వెనకవైపు కూడా రాశారు.

ఒక్క సంగతి అడగాలి. రేవులో పాసులు చూసే మనిషి మీకు చేతులు జోడించాడని ఖంసీ అంటున్నాడు. మీరు మాకేమీ చెప్పలేదు. ఏం జరిగింది?

మీ చంథమాలి


బాన్ నాఖామ్
చలి మొదలైంది

చంథమాలికి దీవెనలు.

సంతకం చూసి ఒక నిమిషం ఎవరబ్బా అనుకున్నాను. బాగుంది. అమ్మ ఆ కాగితాన్ని దిండు కింద పెట్టుకుంది. మళ్ళీ మాట్లాడుతోంది, ఇప్పుడు ఆపడమే కష్టం.

రేవు సంగతి అడిగావు. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, నీకు చెప్పాలి.

పడవ దిగి పాసు చూపించాను. కుర్రవాడే, మన మాటే మాట్లాడతాడు. ఎంతమంది అన్నాడు. ఇద్దరం అన్నాను. నా వెనక చూశాడు, ఎవరూ లేరు. బుట్టలోకి చూశాడు, రవికె కనబడింది. ఈవిడకు కాగితాలున్నాయా అన్నాడు, కాని వెటకారంగా కాదు, గొంతు తగ్గించి అడిగాడు. ఇంకా లేవు నాయనా, వాటి కోసమే తీసుకొస్తున్నాను అన్నాను. అతను లేచి నిలబడి చేతులు జోడించి దారి ఇచ్చాడు. వెనకున్న వరసను కూడా ఆపాడు, ఎవరూ మమ్మల్ని దాటిపోకుండా.

తిరుగు ప్రయాణంలోనూ అతనే ఉన్నాడు. పాసు మీద ముద్ర వేసి, ‘ఒక్కరే వెళ్తున్నారా?’ అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. 

ఇక అసలు మాట. ఇన్నేళ్ళుగా వేలమందికి పిలిచాను. జనం నమ్ముతారు, నేను పిలుస్తాను. నమ్ముతావా ఖంఫుయ్ అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఆ శనివారం మన ఇంటి మెట్ల దగ్గర బుట్టతో దేవి ఎత్తాను. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను, పడవలో ఒళ్ళో పెట్టుకున్నాను. నది మధ్యకు వచ్చేసరికి బుట్ట బరువెక్కింది. మోయలేక ఖంసీని ఒక పక్క పట్టమన్నాను, అతను పట్టాడు, అతని మొహమూ మారింది. అడిగి చూడు.

రవికె తిరిగి తెమ్మని మీ అమ్మ చెప్పింది గనక వచ్చేటప్పుడు అదే రవికెను అదే బుట్టలో వేసుకుని అదే పడవెక్కాను. నది మధ్యలో బుట్టను ఒంటి వేలికి తగిలించుకుని కూర్చున్నాను తల్లీ. గాలికి ఊగుతోంది. అందులో ఏమీ లేదు.

ఖంఫుయ్ మామయ్య